ఎండ, రాగిచేను, ఏనుగు: హొసూరు, కృష్ణగిరి సీమలో శక్తి నడిచిన దారి



హొసూరులో బస్సెక్కి కృష్ణగిరిలో దిగేవాళ్ళకి ఒక మార్పు ఒంటికే తెలుస్తుంది. దూరం 50 కిలోమీటర్లు, ప్రయాణం గంట పైచిలుకు. మార్గశిరం పొద్దున శాలువా కప్పుకుని హొసూరులో ఎక్కిన పెద్దాయన శూలగిరి దాటేసరికి దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటాడు. కృష్ణగిరిలో దిగేటప్పటికి కండువాతో మెడ తుడుచుకుంటూ ఉంటాడు. హొసూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున ఉంది. కృష్ణగిరి ఎత్తు 500 మీటర్ల దరిదాపు. పైన ఉన్నది మైసూరు పీఠభూమి అంచు, కింద ఉన్నది పాతవాళ్ళు బారామహలు అని పిలిచిన సీమ. పైన రాగి, అనప, గులాబీ. కింద మామిడి, చింత, కొబ్బరి. నడుమ బండలు, గుట్టలు, ముళ్ళకంపలు.

ఎత్తు మారితే వేడి మారుతుంది, వేడీ వానా మారితే మొక్క మారుతుంది, మొక్క మారితే దాన్ని తిని బతికే ప్రాణులన్నీ మారతాయి. ఈ సంగతిని శాస్త్రంగా మొదట కూర్చినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. 1802లో ఆయన దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం ఎక్కుతూ ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో రాసుకుంటూ పోయాడు. శిఖరం అందలేదు గానీ, ఆ రాతలు లోకానికి అందాయి. భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా వేల మైళ్ళు నడిస్తే కనిపించే వృక్షాల వరుస ఒక్క కొండవాలు మీద కనిపించిందని ఆయన 1807లో అచ్చువేసిన గ్రంథంలో చూపించాడు. తరవాతి శాస్త్రజ్ఞులు ఆ ఆలోచననే పెంచి, భూమినంతా కొన్ని పెద్ద జీవమండలాలుగా విడదీశారు. ఇంగ్లీషులో వాటిని బయోములు అంటారు. ఏడాది పొడుగునా వాన కురిసే చోట సతత హరితారణ్యం, వాన కొన్ని నెలలకే పరిమితమైన చోట ఆకురాల్చే అడవి, ఇంకా తక్కువైతే చెట్లు పలచబడిన గడ్డినేల, అదీ లేకపోతే ఎడారి. చలిదేశాల్లో సూదిమొన ఆకుల అడవి, దానికి ఉత్తరాన నాచు తప్ప చెట్టు మొలవని టండ్రా. బడిపుస్తకంలో పటం చూసిన ప్రతివారికీ ఈ వరుస గుర్తుండే ఉంటుంది.

మరి మన అడవి ఇందులో ఏది? అంచెట్టి, జవళగిరి, తళి, దేన్కనికోట చుట్టూ ఉన్న అడవుల్ని గురించి అడుగుతున్నాను. 1936లో హెచ్. జి. చాంపియన్ అనే అటవీ అధికారి ఈ దేశపు అడవుల్ని రకాలుగా విభజించాడు. 1968లో ఎస్. కె. సేఠ్‌తో కలిసి దాన్ని సవరించాడు. ఆ లెక్కలో మన అడవి ఎక్కువ భాగం దక్షిణాది శుష్క ఆకురాల్చే అడవి, మిగతాది ముళ్ళచెట్ల అడవి. చిరుమాను, నారేపి, తుమ్మ, వెదురు, ఒకప్పుడు పుష్కలంగా శ్రీగంధం. కావేరి ఒడ్డున మాత్రం వేరే లోకం. తెల్లమద్ది, చింత, కానుగ, నేరేడు చెట్లు నీటి మీదికి ఒరిగి ఉంటాయి. ఆ పచ్చని పట్టీలో నెరసిన రంగు పెద్ద ఉడుతలు కొమ్మ నుంచి కొమ్మకు దూకుతాయి. కింద మడుగుల్లో నీటికుక్కలు, మొసళ్ళు ఉంటాయి. పక్కకు అర కిలోమీటరు నడిస్తే మళ్ళీ రాయి, ముల్లు.

ఇక్కడ ఒక చిన్న వాదం ఉంది, వినదగ్గది. 2011లో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్, మరికొందరు కలిసి ఒక వ్యాసం రాశారు. మనం అడవి అంటున్న చాలా చోట్లు నిజానికి అడవులు కావు, ఆఫ్రికాలో ఉన్నలాంటి చెట్లున్న గడ్డినేలలు, అంటే సవన్నాలు అని వారి ప్రతిపాదన. చెట్ల కింద నేల మీద ఎండ పడుతుందా, అక్కడ గడ్డి మొలుస్తుందా, ఆ గడ్డికి అప్పుడప్పుడూ నిప్పు అంటుకుంటుందా అన్నది చూడాలంటారు. పేరు ఏదైతేనేం అనిపించవచ్చు. కానీ పేరు మారితే పని మారుతుంది. అడవి అనుకుంటే గడ్డి ఉన్నచోటల్లా చెట్లు నాటుతారు. సవన్నా అనుకుంటే గడ్డిని కాపాడతారు. మన సీమలో ముళ్ళపొదల నేలను రెవెన్యూ లెక్కల్లో బంజరు అని రాసి, పనికిరాని నేల అని తేల్చి, నీలగిరి చెట్లు నాటించిన సంగతి మీరెరుగుదురు. ఆ నేలకు పని లేకపోవడం కాదు, ఆ పని ఏమిటో లెక్క రాసినవారికి తెలియలేదు అని నా అభిప్రాయం.

ఆ పని ఏమిటో తెలుసుకోవాలంటే శక్తి సంగతి మాట్లాడుకోవాలి.

1927లో ఇంగ్లండులో చార్లెస్ ఎల్టన్ ఆహారపు గొలుసు అన్న భావానికి ఒక రూపం ఇచ్చాడు. గడ్డిని మిడత తింటుంది, మిడతను తొండ తింటుంది, తొండను డేగ తింటుంది. గొలుసు పైకి పోయేకొద్దీ ప్రాణుల సంఖ్య ఎందుకు తగ్గుతుందన్నది ఆయన ప్రశ్న. 1935లో ఆర్థర్ టాన్స్లీ ఆవరణ వ్యవస్థ అన్న మాటను ప్రవేశపెట్టాడు. మట్టి, నీరు, గాలి, ప్రాణులు కలిసి ఒకే వ్యవస్థ అని. ఈ ఇద్దరి మాటల్నీ కలిపి, లెక్కగట్టి చూపించినవాడు రేమండ్ లిండెమన్ అనే యువకుడు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ బాగ్ అనే చిన్న మడుగు. హొసూరు రామనాయకన్ చెరువు చూసినవారికి అది పెద్ద వింతగా తోచకపోవచ్చు. భార్య ఎలినోర్ సాయంతో ఆయన ఏళ్ళ తరబడి ఆ మడుగులోని నాచును, పురుగుల్ని, చేపల్ని తూచి లెక్కపెట్టాడు. అన్నిటినీ ఒకే కొలతలోకి, అంటే కేలరీల్లోకి మార్చాడు.

లెక్క ఇలా తేలింది. మడుగు మీద పడిన ఎండలో మొక్కలు పట్టుకున్నది నూటికి 0.1 వంతు మాత్రమే. ఆ మొక్కలు పట్టుకున్నదానిలో శాకాహారులకు చేరింది 13.3 శాతం. వాటినుంచి మాంసాహారులకు చేరింది 22.3 శాతం. మిగతాదంతా ఆయా ప్రాణుల ఊపిరిలో, కదలికలో, ఒంటివేడిలో ఖర్చయిపోయింది, లేదా కుళ్ళి బురదలో కలిసింది. బడిపుస్తకాల్లో పది శాతం సూత్రం అని రాస్తారు. అది ఒక అందాజా మాత్రమే, ప్రకృతి రాసిచ్చిన పత్రం కాదు. మెట్టు మెట్టుకూ చాలా భాగం పోతుందన్నది మాత్రం ఎక్కడైనా నిజం. మట్టిలోని సున్నం, భాస్వరం, నత్రజని తిరిగి తిరిగి వస్తాయి. శక్తి తిరిగి రాదు. ఎండగా వచ్చి వేడిగా పోతుంది, ఒకటే దారి.

ఈ వ్యాసాన్ని మొదట పత్రికవారు తిప్పికొట్టారు. ఊహలెక్కువ, ఆధారాలు తక్కువ అన్నారు. జి. ఎవెలిన్ హచిన్సన్ అనే పెద్దాయన పట్టుబట్టి వాదించాక ఒప్పుకున్నారు. 1942 అక్టోబరులో అది అచ్చయ్యేనాటికి లిండెమన్ లేడు. అదే ఏడు జూనులో 26 ఏళ్ళ వయసులో కాలేయ వ్యాధితో చనిపోయాడు.

ఇప్పుడు ఆ మడుగు లెక్కను మన సీమకు తీసుకువద్దాం. ఇక్కడ ఎండకు కొదవ లేదు, వానకు ఉంది. నైరుతి వాన కొంత, ఈశాన్యపు వాన కొంత, రెండూ కలిసినా నమ్మకం లేని లెక్క. ఇలాంటి చోట ఎండను పట్టుకోవడానికి మన పెద్దలు ఎంచుకున్న పనిముట్టు రాగి. కొన్ని జాతుల మొక్కలు వేడి ఎక్కువై నీరు తక్కువైనప్పుడు కిరణజన్య సంయోగక్రియలో నష్టం తక్కువ చేసుకునే పద్ధతి ఒకటి నేర్చాయి. జొన్న, చెరకు, మొక్కజొన్నలతో పాటు రాగి కూడా ఆ కోవలోనిదే. వరి ఆ కోవలోది కాదు. ఆ పద్ధతి పేరు తెలియకపోయినా, ఆ గుణం తెలిసే మన రైతు మెట్టనేలలో రాగి చల్లాడు.

ఒక్క రాగే చల్లలేదు. రాగి సాళ్ళ నడుమ అనప, కంది, అక్కడక్కడ జొన్న, ఆవాలు, గడ్డినువ్వులు వేశాడు. పొట్టివేరు రాగిది, లోతువేరు కందిది. రాగి కోసేశాక కూడా అనప తీగ మంచునీటితోనే పచ్చగా ఉండి పూస్తుంది. కంది, అనప గాలిలోని నత్రజనిని మట్టిలో కలుపుతాయి. రాగిగడ్డి ఎద్దులకు, ఎద్దుల పేడ చేనికి. గింజ మనిషికి. పంట పండిన ఏడు మిగులు గింజను పాతరలో పోసి పైన మట్టి కప్పేవారు. రాగిగింజకు పురుగు సులభంగా పట్టదు, ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. ఎండను గింజగా మార్చి కరువు రోజుకు భూమిలో దాచుకోవడం అంటే అదే. ఈ కాలపు భాషలో చెప్పాలంటే బ్యాటరీ.

అయితే చేను తనకు తానే నిలిచేది కాదు. ఏటా గింజతో పాటు మట్టిలోని సారం కొంత ఇంటికి పోతుంది. ఆ లోటు తీర్చింది అడవీ, బీడూ. పగలు పశువులు, గొర్రెలు గుట్టల మీద, అడవి అంచున మేసేవి. రాత్రి చేలో మంద కట్టించేవారు. అంటే అడవిగడ్డి పట్టుకున్న ఎండ, పశువు కడుపులో నడిచి వచ్చి, రైతు చేలో ఎరువుగా దిగింది. మనం బంజరు అన్న నేల చేసిన పని ఇదే. కావేరి వైపు అడవుల్లో ఆలంబాడి జాతి పశువుల్ని పట్టీలు కట్టి మేపేవారు. మన కృష్ణగిరి పురావస్తు ప్రదర్శనశాలలో, ఊళ్ళ పొలిమేరల్లో కనిపించే వీరగల్లుల్ని చూడండి. ఎన్నో రాళ్ళ మీద పశువుల మందను కాపాడుతూ చనిపోయిన వీరుడి కథే. రాజ్యాల కోసం చనిపోయినవారి రాళ్ళకన్నా ఆవుల కోసం చనిపోయినవారి రాళ్ళు ఈ సీమ చరిత్రను ఎక్కువ చెబుతాయి. చేతిలో మిగిలే శక్తి నాలుగు కాళ్ళ మీద నడిచే కాలం అది.

ఇంకా వెనక్కి పోతే బొగ్గు ఉంది. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము కాలం క్రీస్తు పూర్వం 2172 దాకా పోతుందని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. భారతదేశంలో ఇనుము వాడకం గురించి అంతకుముందున్న అంచనాలు దాంతో కదిలిపోయాయి. ఈ వార్త వచ్చినప్పుడు అందరూ ఇనుము ఎంత పాతది అని మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ కొలిమికి కట్టె ఎక్కడిది అన్న ఆలోచన వచ్చింది. ఇనుపరాయిని కరిగించాలంటే కట్టెబొగ్గు కావాలి, బుట్టలకొద్దీ కావాలి. చెట్టు ముప్ఫై నలభై ఏళ్ళ పాటు కూడబెట్టిన ఎండను కొలిమి ఒక రాత్రిలో ఖర్చు పెడుతుంది. మన అడవి మనిషి చెయ్యి పడని అడవి అనుకోవడం సరికాదు. నాలుగువేల ఏళ్ళుగా ఇది మనిషితో కలిసి బతికిన అడవి.

1792లో శ్రీరంగపట్నం ఒడంబడిక ప్రకారం టిప్పు సుల్తాను బారామహలును ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. ఘాట్ల పైనున్న హొసూరు సీమ 1799లో టిప్పు పతనం తరవాత కలిసింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఇక్కడే నేల కొలిచి, రైతు పేర పన్ను కట్టే పద్ధతికి పునాది వేశారు. చరిత్ర పుస్తకాలు దీన్ని రెవెన్యూ కథగానే చెబుతాయి. శక్తి కథగా కూడా చెప్పవచ్చు. పన్ను నాణేలలో కట్టాలి. పాతరలో రాగి ఉంటే చాలదు, సంతకు పోవాలి. దున్నిన నేల పెరగాలి. 1824లో మత్తిగిరిలో కంపెనీ దండు గుర్రాల కోసం 1,600 ఎకరాలకు పైగా నేల కేటాయించి ఒక క్షేత్రం పెట్టారు. ఇక్కడి గడ్డి, ఇక్కడి ఉలవలు కంపెనీ యుద్ధాలకు కాళ్ళయ్యాయి. తరవాత అదే పశుక్షేత్రమైంది. 1864లో జోలార్‌పేట మీదుగా బెంగుళూరుకు రైలు వచ్చింది. దక్షిణాదిన రైళ్ళు తొలి రోజుల్లో కట్టెలే కాల్చేవి, పట్టాల కింది దిమ్మెలకూ చెట్లే. 1856లో మద్రాసు రాజధానికి అడవుల పర్యవేక్షకుడుగా వచ్చిన హ్యూ క్లెగ్‌హార్న్ ఈ నరుకుడు గురించి ఆందోళన పడ్డవారిలో ఒకడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు గీశారు. గీతకు లోపల మందను మేపడం తప్పయింది. అడవి నుంచి చేనికి నడిచే ఎరువు దారి ఆ గీత దగ్గర సన్నబడింది.

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు మద్రాసు రాజధానిలో ఘోరంగా తగిలిన జిల్లాల్లో సేలం ఒకటి, హొసూరు, కృష్ణగిరి అప్పుడు అందులోనివే. 1871 జనాభా లెక్క కన్నా 1881 లెక్కలో జిల్లా జనమే తగ్గిపోయారు. వాన లేక పంట పోవడం ఒకటి, ధర పెరిగి గింజ అందకపోవడం ఇంకొకటి. పాతరలు ఖాళీ అయ్యాక దాచిన ఎండ ఎక్కడా లేదు. దాని తరవాతే కరువు రక్షణ కోసం అని చిన్న పట్టాల రైళ్ళు వేశారు. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో, మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో, అక్కడినుంచి హొసూరుకు 1913లో. రెండో ప్రపంచ యుద్ధ కాలానికి ఆ చిన్న రైళ్ళ కథ ముగిసింది.

స్వాతంత్ర్యం తరవాతి కథ మీకు తెలిసిందే, అందుకని త్వరగా చెబుతాను. 1957లో కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పెన్న మీద కృష్ణగిరి ఆనకట్ట పూర్తయింది. 1970లలో హొసూరులో సిప్కాట్ పారిశ్రామిక వాడ వచ్చింది, తరవాత లారీలు, మోటారు సైకిళ్ళు, గడియారాలు తయారయ్యాయి. అప్పటినుంచి ఈ సీమలో ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం ఇక్కడి ఎండ కాదు. కోట్ల ఏళ్ళ కిందట ఎక్కడో పడిన ఎండ, బొగ్గుగా, పెట్రోలుగా తవ్వి తెచ్చుకున్నది. 1971లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు హోవర్డ్ ఓడం, ఈ కాలపు రైతు పండించే పంటలో సగం ఎండైతే సగం నూనె అన్న అర్థంలో వాదించాడు. ఎరువు, పంపు, ట్రాక్టరు అన్నీ నూనెతో నడుస్తాయి కదా. ప్లాస్టిక్ పందిళ్ళ కింద పెరిగి, ప్రేమికుల రోజుకు విమానమెక్కి పరదేశం పోయే హొసూరు గులాబీని చూస్తే ఆ మాట తేలిగ్గా అర్థమవుతుంది.

ఊళ్ళలో మాత్రం కట్టెపొయ్యి చాలాకాలం నిలిచింది. 1970ల చివర బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య రెడ్డి నాయకత్వంలో ఆస్త్ర అనే బృందం తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని ఊళ్ళను లెక్కగట్టింది. మన సీమకు దూరం కాదు, అదే రాగి నేల. ఊరు వాడే శక్తిలో అతి పెద్ద భాగం వంటచెరకు అనీ, దాన్ని ఏరి మోసేది ఆడవాళ్ళూ పిల్లలూ అనీ ఆ లెక్కలో తేలింది. అప్పటిదాకా ప్రభుత్వపు శక్తి లెక్కల్లో కరెంటూ నూనే తప్ప నెత్తిమీది కట్టెలమోపుకు చోటు దాదాపు లేదు.

పెన్న సంగతి ఒక్క మాట. నందికొండల్లో పుట్టి, బెంగుళూరు శివార్ల మురుగును కలుపుకుని వచ్చే ఈ నది హొసూరు దగ్గర కెలవరపల్లి జలాశయంలో దిగేసరికి తెల్లని నురగ కక్కడం ఇటీవలి సంవత్సరాల్లో పలుమార్లు చూశాం. సబ్బునీళ్ళు, మురుగులోని భాస్వరం, నత్రజని అతిగా చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది, చేపకు మిగలదు. లిండెమన్ మడుగులో చక్కగా మెట్లెక్కిన శక్తి ఇక్కడ మొదటి మెట్టు మీదే కుళ్ళిపోతుంది.

ఇక ఏనుగు. ఈ ప్రసంగానికి అసలు కారణం అదే.

పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా పచ్చిమేత తింటుంది. తిన్నదానిలో సగం కూడా అరగదు. గుర్రంలాగే దాని కడుపుకు నెమరు లేదు, మేత త్వరగా లోపలికి పోయి త్వరగా బయటికి వస్తుంది. అందుకే రోజులో ఎక్కువ భాగం తింటూనే ఉండాలి, తిరుగుతూనే ఉండాలి. దాని పేడలో మిగిలింది పేడపురుగులకు, పక్షులకు, మొలిచే గింజలకు. అంటే ఏనుగు ఒక నడిచే కాలువ, మేతను ఒకచోట తీసుకుని ఇంకోచోట పంచుతుంది. కానీ ఆ కాలువకు పెద్ద మైదానం కావాలి. బన్నేరుగట్ట నుంచి జవళగిరి, అంచెట్టి మీదుగా కావేరి దాటి మలె మహదేశ్వర కొండల దాకా ఒకే అడవిగా ఉన్న రోజుల్లో ఆ మైదానం ఉండేది. ఇప్పుడు ఆ వరుసలో రోడ్లు, క్వారీలు, లేఅవుట్లు వచ్చాయి.

అడవి లోపల కూడా మార్పు వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అందమైన పూలమొక్కగా అమెరికా ఖండం నుంచి తెచ్చిన లాంటానా కంప ఇప్పుడు అడవి నేలను కప్పేసింది. దాన్ని ఏనుగు తినదు, జింక తినదు, మేక కూడా ముట్టదు. దాని కింద గడ్డి మొలవదు. ఎండ అంతే పడుతోంది, మొక్క అంతే పట్టుకుంటోంది, కానీ ఆ శక్తి గొలుసులో తరవాతి మెట్టుకు చేరడం లేదు. పైనుంచి చూస్తే అడవి పచ్చగానే కనిపిస్తుంది.

సరిగ్గా కార్తీక మాసంలో అడవిగడ్డి ముదిరి పీచవుతుంది. అదే వేళకు అడవి గీతకు ఇవతల రాగి పాలుపోసుకుని వంగుతుంది. 1980ల మొదట్లో రామన్ సుకుమార్ అనే శాస్త్రజ్ఞుడు సత్యమంగళం, చామరాజనగరం అడవుల్లో ఏనుగుల వెంట తిరిగి ఈ సంగతి పరిశీలించాడు. అడవిగడ్డితో పోల్చితే రాగి, వరి వంటి పైరుల్లో మాంసకృత్తులు, కాల్షియం, ఉప్పు ఎక్కువని ఆయన చూపించాడు. మన రాగి 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, బియ్యంలో దానిలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. బాలింతకు రాగిజావ పట్టించిన మన అమ్మమ్మకు తెలిసిన సంగతే ఏనుగుకూ తెలుసు. ఒంటరి మగ ఏనుగులు ఆడమందల కన్నా ఎక్కువగా చేలలోకి దిగుతాయని కూడా ఆయన గమనించాడు.

అందుకే ప్రతి ఏడూ రాగి కోతల కాలంలో దేన్కనికోట, జవళగిరి, సానమావు చుట్టుపక్కల ఊళ్ళలో మంచెల మీద నిప్పు వెలుగుతుంది. సానమావు అడవి పెద్ద రోడ్డును ఆనుకునే ఉంది. రాత్రివేళ గుంపు రోడ్డు దాటుతుంటే రెండువైపులా లారీలు ఆపేస్తారు. ఎకరం రాగి పోయినవాడికి ఆ ఏడు సంగటి పోయినట్టే, పశువుకు గడ్డి కూడా పోయినట్టే. ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. కానీ పరిహారపు కాగితంలో గింజ విలువ ఉంటుంది గాని, నెలరోజుల నిద్ర విలువ ఉండదు. పొద్దున్నే చేలో మనిషి చనిపోయి కనిపించిన ఇళ్ళూ ఈ సీమలో ఉన్నాయి. ఏనుగును ప్రేమించమని నగరం నుంచి చెప్పేవారు ఒక్క రాత్రి ఆ మంచె మీద కూర్చుని చూస్తే మాట కాస్త మారుతుంది.

భయంలో మనిషి చేసే పని కూడా భయంకరంగానే ఉంటుంది. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర చేనికి చట్టవిరుద్ధంగా కట్టిన కరెంటు తీగ తగిలి మూడు ఆడ ఏనుగులు చనిపోయాయి. రెండు గున్నలు తల్లుల పక్కనే మిగిలాయి. చేను కాపలాకు తీసుకున్న కరెంటు అది.

మన తెలుగువాళ్ళకు ఈ కథలో ఇంకో ముక్క ఉంది. 1980ల తొలి సగంలో హొసూరు, ధర్మపురి అడవుల నుంచి కొన్ని ఏనుగులు కరువు వల్ల, మేత తగ్గడం వల్ల తూర్పుకు నడిచాయి. కృష్ణగిరి సీమ దాటి చిత్తూరు జిల్లాలో కుప్పం, పలమనేరు అడవుల్లో దిగాయి. రెండువందల ఏళ్ళుగా అడవి ఏనుగు లేని చోటు అది. అక్కడి రైతుకు ఏనుగంటే గుళ్ళో ఏనుగే. తరిమే పద్ధతి తెలియదు, తప్పుకునే పద్ధతీ తెలియదు. 1990లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించింది. ఏనుగులు ముందు వచ్చి, అభయారణ్యం తరవాత వచ్చిన చోటు అది. అవి నడిచి వచ్చిన దారిలో మూడు రాష్ట్రాల గీతలున్నాయి గాని, వాటికి తెలిసిన గీత ఒకటే, గడ్డి ఉన్న వైపు, నీళ్ళున్న వైపు.

మన వైపు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం 504 చదరపు కిలోమీటర్లతో ఏర్పడింది. 2022 నవంబరులో కావేరి దక్షిణ అభయారణ్యం 686 చదరపు కిలోమీటర్లతో దానికి తోడైంది. రెండూ కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోనివే. వాటితో పాటు అడవి అంచున కందకాలు, సౌరకంచెలు, ఉక్కుతాళ్ళ కంచెలు వేస్తున్నారు. కంచె ఏనుగును ఆపుతుంది, కానీ లోపల లాంటానా తీసి గడ్డి పెంచకపోతే, ఆపిన ఏనుగు అక్కడ తినేదేమిటి? ఆ పని కంచెకన్నా నెమ్మదైనది, ఫొటోలో బాగా పడనిది కూడా.

2025 మేలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగుల్ని ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. చేలలోకి దిగే అడవి ఏనుగుల్ని వెనక్కి మళ్ళించడానికి శిక్షణ పొందినవి అవి. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. మన దక్షిణాది ఏనుగు శిబిరాల్లో పొద్దున, సాయంత్రం మావటీలు ఇలాంటి ఏనుగుల నోటికి అందించే వండిన మేతలో ముఖ్యమైనది రాగి ముద్ద.